ఎల్లోనైఫ్ నుంచి ఇనువిక్‌కి విమానంలో నిజంగా ఎంతసేపు పడుతుంది?

అందరికీ నమస్కారం. మేం కెనడా ఉత్తరాన ఎల్లోనైఫ్‌లో ఉంటాం. మా మరిదికి ఇనువిక్‌లో ఉద్యోగం. జూన్‌లో అత్తయ్య, మామయ్య ఖమ్మం నుంచి వస్తున్నారు. చిన్నకొడుకుని చూడకుండా తిరిగి వెళ్తారా మరి!

మ్యాప్‌లో నేరుగా కొలిస్తే దాదాపు 1,100 కిలోమీటర్లు. కారులో అంటే మాత్రం వేరే కథ. మెకెంజీ లోయ వెంట వెళ్లే రోడ్డు రిగ్లీ దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన ఉండేది చలికాలంలో మంచు మీద వేసే దారే. వేసవిలో వెళ్లాలంటే బ్రిటిష్ కొలంబియా, యూకాన్ చుట్టి డెంప్‌స్టర్ హైవే ఎక్కాలి. మొత్తం 3,000 కిలోమీటర్ల పైమాటే. చివరి 700కు పైగా కంకర రోడ్డు, మధ్యలో రెండు నదులు ఫెర్రీ మీద దాటాలి. మామయ్య మోకాళ్లతో ఆ ఊసే వద్దు.

జెట్ అయితే రెండు గంటల లోపు, ప్రొపెల్లర్ విమానమైతే రెండు దాటుతుందని నా లెక్క. కానీ దారిలో నార్మన్ వెల్స్‌లో ఆగే సర్వీసులూ ఉన్నాయి కదా. అక్కడ ఎంతసేపు ఆపుతారు? అందరూ దిగాలా, సీట్లోనే కూర్చోనిస్తారా? మెట్లు ఎక్కలేనివాళ్లకు వీల్‌చైర్ సాయం దొరుకుతుందా? అత్తయ్య ఆవకాయ జాడీ ఎలాగూ చెకిన్ లగేజీలోనే, దాని గురించి టెన్షన్ లేదు.

ఈ మధ్య ఆ దారిలో వెళ్లినవాళ్లుంటే దయచేసి చెప్పండి. పొగమంచుకి విమానాలు తరచూ ఆలస్యమవుతాయా? వెనక్కి వచ్చిన రోజే ఎడ్మంటన్ విమానం పట్టుకోవచ్చా, ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలా?