అన్ని శాఖల విద్యార్థులకు ఒకే తరగతిలో ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీ: ఏమి బోధించాలి, ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: మనోవిజ్ఞాన శాఖ అధ్యాపకుడు, రాష్ట్ర విశ్వవిద్యాలయం

అందరికీ నమస్కారం. మా విశ్వవిద్యాలయంలో ఏ శాఖ విద్యార్థి అయినా ఎంచుకోదగిన నాలుగు క్రెడిట్ల ఓపెన్ ఎలెక్టివ్‌గా ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీని, అంటే చిత్రం, సంగీతం, కదలిక, రచన వంటి కళలను కలిపి వాడే మానసిక చికిత్సావిధానాన్ని, ప్రవేశపెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. శాఖల మధ్య గోడలు తగ్గాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతున్నందువల్ల పైవారు సుముఖంగానే ఉన్నారు. సిలబస్ తయారుచేసి, దాన్ని ఆమోదించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు పెట్టే పని మాత్రం నాకు అప్పగించారు. మనోవిజ్ఞానం, సోషల్ వర్క్, నర్సింగ్, విద్యాశాస్త్రం, చిత్రకళ, రంగస్థల కళలతోపాటు ఇంజనీరింగ్ నుంచి కూడా విద్యార్థులు చేరే అవకాశం ఉంది.

నా మొదటి సందేహం బోధన గురించి. ఒక్కొక్క యూనిట్‌ను ఒక్కొక్క శాఖకు అప్పగించి, మొదటి యూనిట్ మనోవిజ్ఞానం, రెండవది చిత్రకళ, మూడవది సంగీతం అన్నట్టు పంచుకుందామని సహోద్యోగులు అంటున్నారు. పని సులువవుతుంది గాని, అలా చదివిన విద్యార్థికి నాలుగు ముక్కలు చేతికి వస్తాయే తప్ప ఒక విద్య వస్తుందన్న నమ్మకం నాకు కలగడం లేదు. రెండవ సందేహం, కుంచె పట్టని నర్సింగ్ విద్యార్థినినీ, ఐదేళ్లుగా బొమ్మలు వేస్తున్న చిత్రకళ విద్యార్థినీ ఒకే అభ్యాసంలో ఎలా కూర్చోబెట్టాలన్నది. అనుభవమున్నవారు విపులంగా చెప్పగలరని మనవి.

జవాబు 1: బోస్టన్ ప్రాంతంలో ఈ విషయమే బోధిస్తున్న తెలుగువాడు

మీ మొదటి సందేహానికి ఈ రంగం చరిత్రలోనే కొంత సమాధానం దొరుకుతుంది. కళలు చికిత్సారంగంలోకి ఒక్కుమ్మడిగా రాలేదు, వేరువేరు దారుల్లో వచ్చాయి. ఇంగ్లండులో క్షయవ్యాధితో శానిటోరియంలో గడిపిన చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ 1942లో ఆర్ట్ థెరపీ అన్న పేరు పెట్టాడు. అదే ఏడాది వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో మేరియన్ చేస్ అనే నర్తకి రోగులతో కలిసి పని మొదలుపెట్టింది. సంగీత చికిత్సకు 1944లోనే మిచిగన్‌లో డిగ్రీ స్థాయి బోధన ఏర్పడింది. అమెరికాలో నృత్య చికిత్సకు 1966లో, చిత్రకళా చికిత్సకు 1969లో విడివిడిగా వృత్తి సంఘాలు వెలిశాయి. ఎవరి పరిభాష, ఎవరి శిక్షణ వారివి.

అమెరికాలో బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జిలోని లెస్లీ కళాశాలలో షాన్ మెక్‌నిఫ్ 1974లో ప్రారంభించిన కార్యక్రమం ఈ విభజనను ప్రశ్నించింది. అక్కడ పనిచేసిన స్విట్జర్లాండ్ వాసి పావోలో క్నిల్ ఆ ఆలోచనకు సిద్ధాంతరూపం ఇచ్చాడు. మనిషి ఊహలో చిత్రం, ధ్వని, కదలిక, మాట వేటికవిగా ఉండవు కాబట్టి, ఒక మాధ్యమంలో మొదలైన దానిని మరొక మాధ్యమంలోకి తీసుకువెళ్లినప్పుడు అది మరింత స్పష్టమైన రూపం తీసుకుంటుందన్నది ఆ వాదన సారాంశం. అందుచేత యూనిట్‌కొక శాఖ చొప్పున పంచిన సిలబస్ ఈ విద్యకు మూలమైన అంశాన్నే వదిలేస్తుంది. మట్టితో చేసిన రూపాన్ని చూసి కదలడం, ఆ కదలిక నుంచి నాలుగు వాక్యాలు రాయడం ఒకే తరగతిలో, ఒకే విడతలో జరగాలి. అధ్యాపకులు ఇద్దరు ముగ్గురు ఉండవచ్చు గాని, వారు అందరూ అన్ని తరగతుల్లోనూ కూర్చోవడం మంచిది.

రెండవ సందేహానికి కూడా క్నిల్ దగ్గరే ఆధారముంది. నైపుణ్యం తక్కువైనా సూక్ష్మ గ్రహణశక్తి ఎక్కువగా కోరే పని ఇవ్వాలని ఆయన అనేవాడు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనాన్ని తరగతిలో చదివించండి. 39 మంది పెద్దలు 45 నిమిషాలు తమకు తోచిన బొమ్మలు చేసిన తరువాత, వారిలో సుమారు 75 శాతం మంది లాలాజలంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ హార్మోన్ తగ్గింది, అంతకుముందు కళానుభవం ఉందా లేదా అన్నదానితో తేడా రాలేదు. పోల్చి చూడటానికి మరొక బృందం లేకపోవడం ఆ అధ్యయనపు పరిమితి. ఇంజనీరింగ్ విద్యార్థులు ఆ లోపాన్ని ఇట్టే పట్టుకుంటారు. పట్టుకోనివ్వండి, పరిశోధనను ఎలా చదవాలో ఆ చర్చలోనే చాలావరకు చెప్పేయవచ్చు.

జవాబు 2: రంగస్థల కళల అధ్యాపకురాలు, హైదరాబాద్

పై జవాబుతో ఏకీభవిస్తూ తరగతి గది సంగతి కొంత చెబుతాను. వేరువేరు శాఖల వారు కలిసినప్పుడు అడ్డుపడేది కళ రాకపోవడం కాదు, ఎవరి శాఖ వారికి నేర్పిన అలవాటు. పాత వార్తాపత్రిక ఇచ్చి, కత్తెర లేకుండా చేత్తో చించి ఒక ఆకారం చేయమంటే, ఇంజనీరింగ్ కుర్రవాడు ముందు కాగితాన్ని నాలుగు సమాన భాగాలుగా మడుస్తాడు. చిత్రకళ విద్యార్థి అంచులు సరిచేస్తూ ఇచ్చిన సమయం దాటిపోతాడు. నర్సింగ్ అమ్మాయి తన పని వదిలి పక్కవారికి ఏం కావాలో చూస్తుంది. మనోవిజ్ఞానం వారు, అధ్యాపకుడుగారు ఏమీ అనుకోకపోతే, ఎదుటివాడి ఆకారానికి అప్పుడే అర్థం చెప్పేస్తారు. ఈ అలవాట్లను తప్పులుగా లెక్కించకుండా, వాటిని గమనించి పేరు పెట్టించడమే మొదటి నెల పాఠంగా పెట్టుకుంటే, కుంచె పట్టినవారికీ పట్టనివారికీ మధ్య తేడా దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. చిత్రకారుడికి శరీరంతో, నర్తకికి మట్టితో, గాయకుడికి మాటలేని పనితో ప్రారంభం ఇవ్వడం కూడా ఉపకరిస్తుంది.

వినడం నేర్పడానికి నేను బుర్రకథ అమరికను వాడుకుంటాను. తంబురా పట్టిన కథకుడికి అటూ ఇటూ నిలిచే ఇద్దరు వంతలు ఊరికే తందాన తాన అనరు. కథ ఎక్కడ ఆగిందో పట్టుకుని అడుగుతారు, ఎత్తుకుంటారు, ఒకరు హాస్యంతో, మరొకరు లోకవ్యవహారంతో కథను ముందుకు నెడతారు. తరగతిలో ఒక విద్యార్థి తన కాగితపు ఆకారం గురించి మూడు వాక్యాలు చెబుతాడు. కుడివైపు వంత చివరి మాటను అదే లయలో తిరిగి పలకాలి. ఎడమవైపు వంత ‘‘ఆ పక్కన ఎవరున్నారు?’’, ‘‘అప్పుడు ఏం వినిపించింది?’’ వంటి ప్రశ్నలు మాత్రమే అడగాలి, ‘‘ఎందుకు?’’ అనకూడదు. మొదట నవ్వులాటగా సాగుతుంది. తరువాత సలహా ఇవ్వబోయి నోరు మూసుకునే క్షణాలు కనిపించడం మొదలవుతుంది. సోషల్ వర్క్, నర్సింగ్ విద్యార్థులకు వృత్తిలో నేరుగా పనికివచ్చేది అదే.

అయితే ఒక హెచ్చరిక. బుర్రకథ, ఒగ్గుకథ, తోలుబొమ్మలాట చికిత్సలని సిలబస్‌లో రాసేయకండి. అవి తమంతట తాము సంపూర్ణమైన కళలు, వాటి వెనుక జీవనోపాధి ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ఆ కళాకారులను పిలిస్తే ప్రదర్శన చేయించి శాలువా కప్పి పంపకుండా, గెస్ట్ ఫ్యాకల్టీకి ఇచ్చే పారితోషికమే ఇచ్చి బోధింపజేయాలని ముందే తీర్మానం రాయించుకోండి. మరొకటి, బోధించేవారు ఈ అభ్యాసాలన్నీ ముందుగా తాము చేసి ఉండాలి. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, తాను ఎన్నడూ చేయని పనిని విద్యార్థి చేత చేయించేవారు ఆ విద్యార్థి కళ్లు చెమర్చగానే తెల్లబోతారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. యూనిట్ల పంపకం ఆలోచన విరమించుకుంటున్నాను. కళ్లు చెమర్చడం దగ్గరే నా మూడవ సందేహం మొదలవుతుంది. తరగతిలో ఎవరైనా సొంత దుఃఖం బయటపెడితే మేము ఏం చేయాలి? పైగా ఇంటర్నల్స్, రికార్డు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ తప్పవు. విద్యార్థి గీసిన బొమ్మకు, చెప్పుకున్న కథకు మార్కులు వేయడం ఎంతవరకు సబబు?

జవాబు 3: క్లినికల్ సైకాలజిస్టు, విశాఖపట్నం

బొమ్మకూ వద్దు, కథకూ వద్దు. మార్కులు బొమ్మ అందానికి పడితే చిత్రకళ విద్యార్థులే గెలుస్తారు, చెప్పుకున్న కథకు పడితే విద్యార్థులు మార్కుల కోసం గాయాలను వెతికి తెచ్చుకుంటారు. రెండవది మొదటిదానికంటే ప్రమాదకరం. రెండు పుస్తకాలు పెట్టించండి. ఒకటి సొంతం, దాన్ని అధ్యాపకుడు కూడా తెరవడు. రెండవది రికార్డు. అందులో తానేం చేశాడు, ఏ మాధ్యమం నుంచి దేనిలోకి మారాడు, ఎక్కడ ఆగాడు, సహచరుడికి వంతగా నిలిచినప్పుడు ఏ ప్రశ్న పనిచేసింది, ఏది పనిచేయలేదు అన్నవి మాత్రమే ఉంటాయి. సెమిస్టర్ చివర, తనది కాని ఒక బృందాన్ని ఊహించుకుని, ఉదాహరణకు డయాలిసిస్‌కు వచ్చేవారి కోసమో, హాస్టల్‌లో కొత్తగా చేరిన మొదటి సంవత్సరం పిల్లల కోసమో, ఒక గంట కార్యక్రమం రూపొందించి, అందులోని ప్రతి అడుగుకూ కారణం రాయమనండి. ఎగ్జామినర్ దిద్దడానికి, వైవాలో ప్రశ్నించడానికి అది చాలు.

దుఃఖం బయటపడటాన్ని అనుకోని సంఘటనగా చూడకండి, జరుగుతుందనే ఏర్పాటు చేసుకోండి. అమెరికన్ మనోవిజ్ఞాని జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు మనసును కలతపెట్టిన సంఘటనల గురించి రాశారు. తరువాతి నెలల్లో వారు ఆరోగ్యకేంద్రానికి వెళ్లడం తగ్గింది, కాని రాసిన వెంటనే మాత్రం వారి మనఃస్థితి మరింత దిగజారింది. ఉత్సాహవంతులు మొదటి సగం చెప్పి రెండవ సగం మరచిపోతుంటారు. కాబట్టి తరగతిలో గాయం గురించి నేరుగా అడిగే అభ్యాసాలు పెట్టవద్దు. మధ్యలో లేచి వెళ్లే హక్కు ప్రతి విద్యార్థికీ ఉందని, దానివల్ల హాజరు పోదని మొదటి రోజే రాతపూర్వకంగా ఇవ్వండి. విశ్వవిద్యాలయ కౌన్సెలర్‌తో ముందే మాట్లాడి, పంపవలసి వస్తే ఎలా పంపాలో నిర్ణయించుకోండి. తన విద్యార్థికి అధ్యాపకుడే చికిత్సకుడు కాకూడదు, రేపు అతనికి మార్కులు వేసేదీ ఆయనే కదా.

చట్టం సంగతి కూడా సిలబస్ మొదటి పేజీలో ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, మెంటల్ హెల్త్ నర్సులను విడివిడిగా నిర్వచించింది గాని, కళాచికిత్సకులను ఆ వరుసలో చేర్చలేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టపు షెడ్యూలులో ఆర్ట్, డాన్స్, మూవ్‌మెంట్ థెరపిస్టుల ప్రస్తావన ఉన్నా, నాలుగు క్రెడిట్ల పేపరు ఎవరినీ ఆ వృత్తిలోకి తీసుకురాదు. ‘‘ఈ కోర్సు పరిచయాత్మకమైనది, చికిత్స చేసే అర్హతను ఇవ్వదు’’ అన్న వాక్యం మార్కుల జాబితాలో కాకపోయినా కోర్సు వివరణలోనైనా తెలుగులో, ఇంగ్లీషులో ఉంచండి. లేకపోతే మరుసటి ఏడాదికే ఎవరో ఒకరు తాము చికిత్సకులమని బోర్డు తగిలిస్తారు.

క్రెడిట్ల విషయంలో రెండు థియరీకి, రెండు ప్రాక్టికల్స్‌కు కేటాయిస్తే ప్రాక్టికల్స్‌కు 60 గంటలు వస్తాయి. వాటిని 50 నిమిషాల పీరియడ్లుగా ముక్కలు చేయనివ్వకండి, నాలుగు గంటల చొప్పున వారానికొకసారి, ఉదయం పూట అడగండి. సాయంత్రం చివరి పీరియడ్ ఇస్తే, కలత చెందిన విద్యార్థి కౌన్సెలర్ గది మూసివేశాక హాస్టల్‌కో బస్సు దగ్గరికో ఒంటరిగా వెళ్తాడు. టైమ్‌టేబుల్ కమిటీకి ఈ కారణమే రాసి ఇవ్వండి.