సోల్డరింగ్ (లోహం కరిగించి అతకడం) లేకుండా బొమ్మ బటన్‌కి వైర్లు ఎలా కలపాలి?

చేతులు సరిగ్గా స్వాధీనంలో లేని పిల్లలతో, వాళ్ల బొమ్మల్ని పెద్ద స్విచ్‌తో నడిచేలా వాళ్ల చేతే మార్పిస్తున్నాను. మామూలు ఆన్-ఆఫ్ బొమ్మలతో ఇబ్బంది లేదు. సన్నని అట్టముక్కకు రెండు వైపులా రాగి రేకు అంటించి, బ్యాటరీకీ దాని స్ప్రింగుకీ మధ్య దూర్చి, రెండు రేకుల నుంచి వైర్లు 3.5 మి.మీ. మోనో జాక్‌కి (పెద్ద స్విచ్ ప్లగ్ దూర్చే సాకెట్‌కి) కలిపితే చాలు.

ఇబ్బందంతా ఒక కుక్కపిల్ల బొమ్మతోనే. రెండు డబుల్ ఏ బ్యాటరీలు, 3 వోల్టులు. లోపల చిప్ ఉంది, కాబట్టి కరెంటు ఇచ్చినంత మాత్రాన కదలదు, వీపు మీది బటన్ నొక్కాల్సిందే. ఆ బటన్ నేరుగా సర్క్యూట్ బోర్డు మీదే ఉంది. దాని రెండు కాళ్ల మధ్య దూరం సుమారు 5 మి.మీ. ఆ రెండింటినీ వైరు ముక్కతో కలిపితే వెంటనే మొరుగుతూ నడుస్తుంది, అంటే కలపాల్సిన చోటు అదే.

రాగి టేపు అంటిస్తే బొమ్మ అదురుకి నిమిషంలోపే ఊడొస్తోంది. పైన వేడి జిగురు వేస్తే అది టేపు కిందికి పాకి కనెక్షన్ పోతోంది. మొసలి క్లిప్పులు (పళ్లతో కరిచి పట్టుకునే వైరు క్లిప్పులు) ఒకదానికొకటి తగులుతున్నాయి.

నేను సోల్డర్ చేసి ఇచ్చేయొచ్చు. కానీ బొమ్మ ఎవరిదో ఆ అమ్మాయికి ప్రతి పనీ తనే చెయ్యాలని పట్టుదల, దాన్ని నేను తగ్గించదలచుకోలేదు. చెయ్యి వణుకుతుంది కాబట్టి 300 డిగ్రీలు దాటే సోల్డరింగ్ ఐరన్ చేతికివ్వలేను.

బోర్డు మీది బటన్ కాళ్లకు వేడితో పని లేకుండా, అదురుకి ఊడకుండా, వణికే చేత్తోనూ వైర్లు బిగించగలిగే పద్ధతి మీలో ఎవరైనా వాడి చూశారా?