బందరు నుంచి పెగూకి తెరచాప ఓడ: సెప్టెంబరు దాకా ఎందుకు ఆగేవారు?

తీరరేఖ
16, 17 శతాబ్దాల్లో మన తీరం నుంచి బర్మాకి (అప్పటి పెగూ రాజ్యానికి) బట్టలు మోసుకెళ్ళిన ఓడల రాకపోకల పట్టిక తయారుచేస్తున్నాను. ఈశాన్యపు గాలితో తిరిగొచ్చేవారన్నది అర్థమైంది. పోయేటప్పటి లెక్కే తేలడం లేదు. నైరుతి గాలి జూన్‌లోనే మొదలవుతుంది కదా, పెద్ద ఓడలు సెప్టెంబరు వరకు రేవులో ఎందుకు ఉండిపోయేవి? ప్రయాణం ఎన్నాళ్ళు పట్టేది? అదను తప్పితే ఏమయ్యేది?

చుక్కాని
ముందు దూరం చూడండి. బందరు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. ఐరావతి డెల్టాకి పడమటి కొస అయిన నెగ్రాయిస్ అగ్రం కూడా దాదాపు 16 మీదే. అంటే సూటిగా తూర్పుకి పోవడమే. మధ్యలో 750 నాటికల్ మైళ్ళ పైచిలుకు, సుమారు 1,400 కిలోమీటర్లు. నిండు సరుకుతో ఉన్న ఓడ గంటకు 4 మైళ్ళు నడిస్తే ఎనిమిది రోజులు. అక్కణ్ణుంచి అగ్రం చుట్టి నదీ ముఖం చేరడానికి మరికొన్ని రోజులు. గాలి సరిగా ఉంటే రెండు వారాల్లో పని అయిపోతుంది.

ఒకే అక్షాంశం కావడం పెద్ద సౌకర్యం. ధ్రువనక్షత్రం ఎత్తు మారకుండా చూసుకుంటే చాలు, దారి తప్పరు. ఆ రోజుల్లో ఆ నక్షత్రం అసలు ధ్రువానికి 3 డిగ్రీల దూరంలో ఉండేది కాబట్టి, రాత్రి ఏ వేళ కొలిచారన్నదాన్ని బట్టి సవరించుకోవాలి. అయితే జూన్, జులైల్లో బంగాళాఖాతం మీద మబ్బు విడవదు. నక్షత్రమే కనబడనప్పుడు ఎత్తు కొలిచేదెలా?

అసలు ప్రమాదం అవతలి ఒడ్డున ఉంది. నైరుతి గాలి ఓడని బర్మా తీరం మీదికే తోస్తుంది. డెల్టా ఒడ్డు పల్లం, దూరం నుంచి ఆనదు. జడివానలో అసలే కనిపించదు. నెగ్రాయిస్‌కి దక్షిణాన అల్గ్వాడా రాతిదిబ్బ ఉంది, దాని మీద దీపస్తంభం కట్టింది 1865లో. అంతకు ముందు సీసపు గుండు కట్టిన తాడు వదిలి లోతు చూసుకుంటూ పోవడమే. ఇసుకమేట తగిలాక వెనక్కి తిప్పుదామంటే ఎదురుగాలి. అందుకే గాలి ఇంకా నైరుతిలోనే ఉండి, జోరు తగ్గి, మబ్బు విడుతున్న రోజుల కోసం చూసేవారు. అవి సెప్టెంబరులోనే దొరుకుతాయి.

చిరివేరు
చుక్కాని గారు చెప్పింది నిజమే. దానికి సాక్ష్యం కూడా ఉంది. 1560లలో ఈ ప్రాంతం తిరిగిన వెనీసు వర్తకుడు చేజరే ఫెదెరిచి, మైలాపూరు పక్కనున్న శాంతోమ్ రేవు నుంచి పెగూకి ఏటా పోయే పెద్ద ఓడ గురించి రాశాడు. పూర్వం సెప్టెంబరు 6న తెరచాప ఎత్తేవారట, చల్లగా చేరేవారట. తన కాలానికి అది 10, 11 తేదీలకు జరిగింది. 12 దాటితే పని కాకుండానే వెనక్కి రావచ్చని అతని మాట. గాలి మారేలోపు అవతల లంగరు వేసే లోతు అందకపోతే తిరిగి రావడం తప్ప దారి లేదు, ఎందుకంటే ఎదురుగాలి మూడు నాలుగు నెలలు విడవకుండా కొడుతుంది.

ఆలస్యానికి అతను చెప్పిన కారణం నాకు చాలా ఇష్టం: బట్ట సిద్ధం కాకపోవడం! పెగూ వాళ్ళకి కావలసింది చిరివేరు (రంగునిచ్చే ఒక మొక్క వేరు) ఎరుపు. గుడ్డని పేడనీళ్ళలో నానబెట్టి, ఎండలో ఆరేసి, మళ్ళీ తడిపి తెల్లబరచాలి. కరక్కాయ, పాలు పట్టించాలి. పటిక అద్దాలి. ఆ తర్వాత చిరివేరుతో ఉడకబెట్టాలి. ఏ మెట్టులోనూ తొందర పనికిరాదు, ఎండ చాలకపోతే మరీనూ. పటిక సరిగా పట్టకముందే ఉడికిస్తే రంగు నిలవదు, ఉతుకులో పోతుంది. పెగూలో ఆ సరుకు ఎవరూ కొనరు. అందుకే వర్తకులు ఓడని ఆపేవారు.

పట్టికలో ఒక సవరణ మరవకండి. అవి 1582లో ఐరోపా క్యాలెండరు సవరించకముందటి తేదీలు, పాత జూలియన్ క్యాలెండరు లెక్క. నేటి లెక్కకు 10 రోజులు కలపాలి. 6 అంటే 16, 12 అంటే 22. నైరుతి వెనుదిరిగే సమయానికి సరిగ్గా సరిపోతుంది.

తీరరేఖ
ఆ 10 రోజుల సంగతి తట్టనే లేదు, ధన్యవాదాలండీ. మరి గాలి మారాక ఓడని ఇక్కడి రేవులోనే మరుసటి ఏడాది దాకా కట్టేసి ఉంచవచ్చు కదా?

మొగనీరు
ఎక్కడ కట్టేస్తారు? అదే చిక్కు. అప్పట్లో మన తూర్పు తీరంలో చాలా రేవులు పేరుకే రేవులు. పెద్ద ఓడ సముద్రంలోనే దూరంగా లంగరు వేసుకునేది. కొబ్బరిపీచు తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలు కెరటాలు దాటి సరుకు చేరవేసేవి. మేకులు కొట్టిన పడవైతే ఇసుకకి గుద్దుకున్నప్పుడు అతుకుల దగ్గర విడిపోతుంది, కుట్టు పడవ సాగి నిలబడుతుంది. అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. లంగరు మీద ఉన్న ఓడకి ఏ అడ్డూ ఉండదు. 1746 అక్టోబరులో మద్రాసు ఎదుట ఉన్న ఫ్రెంచి నౌకాదళం ఒక్క తుపానుకే చెదిరిపోయింది. ఓడ నిలవాలంటే గోదావరి మీది కోరంగి లాంటి నదీ మొగలోకి దూరాలి. అక్కడికి వెళ్ళాలన్నా మొగలో మేట దాటే లోతు, పోటు కుదరాలి. ఆ కోరంగిని సైతం 1789లో, 1839లో ఉప్పెనలు ముంచెత్తాయి.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడకి ఇంకో గండం కూడా ఉండేది. తుపానుకి దారి తప్పి వచ్చిన ఓడలోని సరుకంతా రాజులు లాక్కునేవారు. దాన్ని మాన్పిస్తూ కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు (శక 1166, అంటే 1244-45). సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాట ఇచ్చాడు, ఆ సుంకం ముప్పయ్యో వంతు. కర్పూరం, చందనం, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు అన్నీ ఆ శాసనంలో కనబడతాయి. మీ పట్టికకి ఒక గడి అక్కడి నుంచి తీసుకోండి.

చుక్కాని
ఒక్కటి కలుపుతాను. అవతల చేరాక కూడా తొందరపడకూడదు. పెగూ దగ్గరి మర్తబాన్ సింధుశాఖలో పోటుకీ పాటుకీ తేడా 6 మీటర్లు దాటుతుంది, సిత్తాంగ్ నదిలో పోటు నీరు గోడలా లేచి వస్తుంది. ఫెదెరిచి దీన్ని కూడా వర్ణించాడు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మరీ ఉద్ధృతం. పోటు వచ్చే వేళ తెలిసిన స్థానికుడు లేకుండా నదిలోకి పోతే, నీరు తీసినప్పుడు ఓడ బురదలో ఒరిగి, తర్వాతి పోటుకి బోర్లా పడుతుంది. కాబట్టి నది బయట ఆగే రోజుల్ని కూడా మీ లెక్కలో వేయండి.