నడుము సన్నం చేసిన ఫోటోపై ఆ మార్పును తెలిపే ముద్ర వేయాల్సిన బాధ్యత ఎవరిది?

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఇంటి నుంచే ఫోటో రీటచింగ్ చేస్తూ, ఐరోపాలోని దుస్తుల వ్యాపారులకు ప్రకటనల చిత్రాలు సరిచేసి పంపుతుంటాను. గత వారం వచ్చిన చిత్రంలో మోడల్ నడుమును రెండు వైపులా లోపలికి నొక్కి, తొడపై ఉన్న పుట్టుమచ్చను తీసేయమన్నారు. నడుము నొక్కగానే వెనకాల ఉన్న తలుపు చట్రం కూడా వంగిపోయింది. దాన్ని మళ్లీ నిటారుగా నిలబెట్టడానికి పట్టినంత సమయం ఆ అమ్మాయి నడుముకు పట్టలేదు, అదే నన్ను ఆలోచనలో పడేసింది.

ఫ్రాన్స్‌లో 2017 అక్టోబరు 1 నుంచి, మోడల్ శరీరాకృతిని సన్నగా గానీ లావుగా గానీ మార్చిన వాణిజ్య ప్రకటనపై 'రీటచ్ చేసిన ఫోటో' అని రాయడం తప్పనిసరి. ఉల్లంఘిస్తే 37,500 యూరోల జరిమానా ఉంది, కానీ మచ్చలు తీయడం, జుట్టు రంగు మార్చడం దాని కిందికి రావు. 2022 జులై 1న అమల్లోకి వచ్చిన నార్వే నిబంధన మరింత కఠినమైనది: ఆకృతి, పరిమాణంతో పాటు చర్మాన్ని మార్చినా ముద్ర ఉండాల్సిందే. నా క్లయింటు నార్వేవారే, అయినా ముద్ర లేని ఫైలే కావాలంటున్నారు.

ఆ ముద్రను నేనే వేసి పంపాలా, లేక ప్రచురించేవారు వేసుకుంటారా? కేవలం అమ్మకపు పేజీలో పెట్టే చిత్రాన్ని కూడా ప్రకటనగానే లెక్కిస్తారా? ఏమేం మార్చానో బిల్లుతో పాటు రాసిస్తే నాకు రక్షణగా ఉంటుందా? నార్వేలో ఈ రంగంలో పనిచేస్తున్న తెలుగువారు, ఒప్పందాలు రాసే న్యాయవాదులు దయచేసి తమ అనుభవం చెప్పగలరు.