తయారు చేసినవాడే అమ్ముకోవాలా, అమ్మకం వచ్చినవాళ్లకు అప్పగించాలా?

టంకం:
అందరికీ నమస్కారం. మోటార్లకూ పంపులకూ అంటించే చిన్న పరికరం ఒకటి తయారు చేశాను. అడుగున అయస్కాంతం, లోపల మెమ్స్ యాక్సిలరోమీటరు (కదలికను, కంపనాన్ని కొలిచే చిప్), బ్యాటరీ, బ్లూటూత్ మాడ్యూలు. బేరింగ్ చెడటం మొదలైతే కంపనంలో వచ్చే తేడాను పట్టుకుని కబురు చేస్తుంది. బల్ల మీదే కాదు, నడుస్తున్న మోటార్ల మీద కూడా బాగా పనిచేస్తోంది. బోర్డు, ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే కోడ్), పెట్టె అన్నీ నేనే చేసుకున్నాను.

ఇక అమ్మాలి. ఇక్కడే నాకూ నాతో పనిచేసే మిత్రుడికీ కుదరడం లేదు. "నువ్వే వెళ్లి అమ్ము" అని అతనంటాడు. అమ్మడం కూడా ఒక విద్యే, అది చేతనైనవాళ్లు ఉన్నారు, కమీషన్ మీద ఒకరిని పెట్టుకుని లేదా ఒక డీలరుకు అప్పజెప్పి నేను రెండో వెర్షన్ మీద కూర్చోవాలని నేనంటాను. ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి, ఎవరి మాట సబబు?

పాతడీలర్:
మీ మిత్రుడి మాటే సబబు. పారిశ్రామిక విడిభాగాల డీలరుగా చాలాకాలం ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మా కౌంటరుకు వచ్చేవాళ్లు కంపెనీ పేరూ పార్టు నంబరూ చెప్పి అడుగుతారు. అడిగినది సమయానికి అందించడం, అప్పు ఇవ్వడం, పాడైతే మార్చి ఇవ్వడం, ఇదీ మా పని. ఎవరూ అడగని సరుకును అరలో పెడితే దుమ్ము పట్టి మీ దగ్గరికే తిరిగొస్తుంది. మా కుర్రాడు రోజంతా నూరు రకాల సరుకు చూసుకోవాలి. మీ పరికరం గురించి పావుగంట నిలబడి వివరించే తీరిక అతనికి ఎక్కడిది? ముందు మీరు తిరిగి నలుగురు అడిగేలా చేసుకోండి, అప్పుడు డీలర్లే మీకు ఫోన్ చేస్తారు.

ఫర్మ్‌వేర్:
డీలరు గారి అనుభవాన్ని కాదనను గానీ, అసలు ప్రశ్న డీలరు గురించి కాదు. టంకం గారి రోజులో ఉన్నవి అవే గంటలు. సగం రోజు ఫోన్ల మీద, సగం రోజు ప్రయాణాల మీద పోతే కోడ్‌లో తప్పులు ఎవరు దిద్దుతారు? 1976లో యాపిల్ సంస్థ మొదటి కంప్యూటరు యాపిల్-1 బోర్డు చేసింది వోజ్నియాక్, అమ్మింది ఆయన భాగస్వామి జాబ్స్. వోజ్నియాక్‌ను దుకాణాల చుట్టూ తిప్పి ఉంటే ఆ తర్వాత యాపిల్-2 వచ్చేదా? చేసేవాడు వేరు, అమ్మేవాడు వేరు అయినప్పుడే రెండు పనులూ బాగా సాగుతాయి. కమీషన్ మనిషి కాకపోతే భాగస్వామిని వెతుక్కోండి.

కంపనం:
ఫర్మ్‌వేర్ గారూ, మీరు చెప్పిన కథలో మిగతా సగం కూడా చూడాలి. వాళ్లిద్దరూ మొదట అమ్మాలనుకున్నది ఖాళీ సర్క్యూట్ బోర్డు. కొన్నవాళ్లు విడిభాగాలు తెచ్చుకుని తామే టంకం పెట్టుకోవాలి. బైట్ షాప్ అనే కంప్యూటర్ దుకాణం నడిపిన పాల్ టెరెల్ 50 తీసుకుంటాను, ఒక్కోదానికి 500 డాలర్లు ఇస్తాను, అయితే భాగాలన్నీ బిగించి పనిచేసే బోర్డులే కావాలన్నాడు. ఆ ఒక్క షరతుతో సరుకే మారిపోయింది. ఆ మాట వాళ్ల చెవిన పడింది ఎదుటివాడి ముందు నిలబడ్డారు కాబట్టే. జాబ్స్ కమీషన్ మీద తిరిగే మనిషి కాదు, దాదాపు సగం సంస్థ ఆయనది. విన్న మాట ఆ రోజే బోర్డు చేసేవాడికి చేరింది. కమీషన్ మనిషి "సార్, వాళ్లకు వద్దట" అనే చెబుతాడు. ఎందుకు వద్దన్నారో, ఏ మాట దగ్గర మొహం మారిందో అతను గమనించడు, గమనించినా మీ దాకా తేడు.

కంపనాల కొలత పరికరాలతోనే నా పని కూడా. మెయింటెనెన్స్ ఫోర్‌మన్ బేరింగ్‌ను ఎలా పరీక్షిస్తాడో టంకం గారు చూసే ఉంటారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుని వింటాడు. గరగర వినిపిస్తే గ్రీజు కొడతాడు, అప్పటికీ తగ్గకపోతే బేరింగ్ తెప్పిస్తాడు. మీకు అసలు పోటీ ఆ స్క్రూడ్రైవరే, మార్కెట్లో ఉన్న ఇంకో సెన్సరు కాదు. దాని ఖర్చు సున్నా, దాని మీద అతనికి నమ్మకం ఏళ్ల తరబడిది. కాబట్టి అతను అడిగేది సెకనుకు ఎన్ని నమూనాలని కాదు. "నేను డ్యూటీలో లేనప్పుడు ఇది వింటుందా? ఎవరికి చెబుతుంది? ఉత్తిపుణ్యానికి అర్ధరాత్రి మోగిస్తే తిట్లు తినేది ఎవరు?" ఇవీ అతని ప్రశ్నలు. మూడో ప్రశ్న విన్న రోజు మీరు రెండో వెర్షన్‌లో ఏం చేయాలో మీకే తెలుస్తుంది. గదిలో కూర్చుంటే ఫ్లాష్ మెమరీ పెంచుతూ కూర్చుంటారు.

ఫర్మ్‌వేర్:
స్క్రూడ్రైవర్ సంగతి ఒప్పుకుంటాను. అయితే ఇంజనీరు అమ్మకానికి వెళ్తే ఇంకో ప్రమాదం ఉంది. ప్రతి మాటకూ "అది లోడును బట్టి, వేగాన్ని బట్టి" అంటాడు. కొనేవాడు అది విని, వీడికే నమ్మకం లేదు, నాకెందుకు అనుకుంటాడు. అమ్మకం తెలిసిన మనిషి ఒక్క ముక్కలో చెప్పి ఒప్పిస్తాడు.

కంపనం:
ఆ ఒక్క ముక్కే కొంప ముంచేది. టంకం గారూ, మీ సెన్సరు సెకనుకు ఎన్ని నమూనాలు తీస్తుంది?

టంకం:
3200.

కంపనం:
అంటే మీకు కనిపించేది అందులో సగం, 1600 హెర్ట్జ్ దాకానే. బేరింగ్ రేసు (లోపలి గుండ్లు దొర్లే వలయం) మీద తొలి గుంట పడినప్పుడు వచ్చే సంకేతం చాలావరకు అంతకంటే పైన, అనేక కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది. మీ పరికరం దాన్ని చూడలేదు. దెబ్బ ముదిరి, కింది పౌనఃపున్యాల్లోకి దిగినప్పుడు పట్టుకుంటుంది. అది కూడా విలువైనదే, మోటారు బిగుసుకుపోక ముందే తెలుస్తుంది కదా. కానీ కమీషన్ మనిషి వెళ్లి "నెలల ముందే చెబుతుంది సార్" అంటాడు. అతని దృష్టి సంతకం మీదే. ఆ మాట నమ్మి స్పేర్ బేరింగ్ తెప్పించకుండా కూర్చున్న ఫ్యాక్టరీలో లైను ఆగితే, మీ పేరు ఆ ప్రాంతంలో ఇంకెవరి దగ్గరా చెల్లదు. ఏది చెప్పవచ్చో, ఏది చెప్పకూడదో ఇప్పటికి తెలిసిన మనిషి మీరొక్కరే. అది కాగితం మీద పెట్టి ఇంకొకరికి నేర్పగలిగే దాకా మీరే వెళ్లాలి.

లెక్కలపుస్తకం:
ఎవరు అమ్మాలన్నది తేలకముందే ధర తేలాలి, ఎందుకంటే డీలరుకు ఇచ్చే వాటా ధరలోనే ఉండాలి. కరెన్సీ ఏదైనా సరే, విడిభాగాలు 100 అనుకోండి. అసెంబ్లీ, పరీక్ష, పెట్టె, ప్యాకింగ్, వారంటీలో మార్చి ఇవ్వాల్సిన వాటికి కొంత కలిపి ఇంకో 60. మీ చేతి ఖర్చే 160. చాలామంది ఇంజనీర్లు ఇక్కడ "250 పెడదాం, బాగా మిగులుతుంది" అంటారు. డీలరు 35 శాతం తీసుకుంటే మీ చేతికి వచ్చేది 162న్నర. అదే 400 పెడితే 260 వస్తుంది, ఒక్కో పరికరం మీద 100 మిగులుతుంది. సర్టిఫికేషన్, తర్వాతి బ్యాచ్ విడిభాగాలు, మీ జీతం అన్నీ ఆ నూరులోంచే రావాలి. మొదట 250కి అమ్మి తర్వాత 400 అనడం ఎంత కష్టమో అమ్మినవాళ్లకు తెలుసు.

హెచ్‌పీ సంస్థ పెట్టిన హ్యూలెట్, ప్యాకార్డ్ కూడా 1938లో తమ మొదటి ఆసిలేటర్‌కు (పరీక్షలకు వాడే సంకేతాలు పుట్టించే పరికరం) 54.40 డాలర్ల ధర పెట్టింది ఖర్చు లెక్కగట్టి కాదు. అమెరికా సరిహద్దు తగాదా నాటి పాత నినాదంలోని అంకె అది. ఆ ధరకు తయారు చేయడం సాధ్యం కాదని వెంటనే తెలిసొచ్చింది. అప్పట్లో దగ్గరి పోటీ పరికరం 400 డాలర్లు ఉండబట్టి ధర పెంచుకోగలిగారు. మీ పోటీ స్క్రూడ్రైవర్ అంటున్నారు కాబట్టి మీకు ఆ వెసులుబాటు ఉండదు.

ఇంకో మాట. బ్లూటూత్ మాడ్యూలు సర్టిఫికెట్‌తో వచ్చింది కదా అని ఊరుకోకండి. రేడియో పరీక్షల్లో చాలా భాగం దానితో తప్పుతుంది గానీ, మొత్తం పరికరం వెలువరించే విద్యుదయస్కాంత అలజడికి పరీక్ష మీరే చేయించాలి. అమెరికాలో అమ్మాలంటే ఎఫ్‌సీసీ నిబంధనలు, యూరప్‌లో అమ్మాలంటే సీఈ గుర్తు. బ్లూటూత్ పేరు వాడుకోవాలంటే ఆ సంస్థ దగ్గర నమోదు వేరే. లోపల లిథియం బ్యాటరీ ఉంటే విమానంలో పంపడానికి యూఎన్ 38.3 అనే రవాణా భద్రత పరీక్ష నివేదిక అడుగుతారు. పెద్ద కొనుగోలుదారు మొదట పంపేది ఆర్డరు కాదు, ఈ కాగితాల జాబితా.

ఫర్మ్‌వేర్:
ఇంత ఖర్చు చేతి నుంచి పెట్టేబదులు క్రౌడ్‌ఫండింగ్‌కు, అంటే సరుకు తయారవక ముందే జనం దగ్గర డబ్బు తీసుకునే పద్ధతికి, వెళ్లవచ్చు కదా. 2012లో పెబుల్ స్మార్ట్ వాచీ అలాంటి వెబ్‌సైటు కిక్‌స్టార్టర్‌లో లక్ష డాలర్లు అడిగి కోటికి పైగా తెచ్చుకుంది.

లెక్కలపుస్తకం:
తెచ్చుకుంది, సరుకు పంపడం మాత్రం చెప్పిన గడువు దాటి 2013 జనవరిలో మొదలైంది. అది బాగా నడిచిన కథ. 2014లో కూలెస్ట్ కూలర్ అనే ఐస్ పెట్టె కోటీ ముప్పై లక్షల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆ డబ్బు అందరికీ సరుకు పంపడానికి చాలలేదు, 2019 చివర్లో మూతపడింది, వేలమందికి పెట్టె చేరనే లేదు. అయినా ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ విభాగం కిక్‌స్టార్టర్ చూసి కొనదు. ఈ సరుకుకు ఆ దారి పనికిరాదు.

టంకం:
అందరికీ కృతజ్ఞతలు. కంపనం గారి మాట నన్ను బాగా ఆలోచింపజేసింది. ఒకటి అడుగుతాను. నా వివరాల పత్రంలో మొదటి వాక్యం ఇలా ఉంది: "మూడు అక్షాల మెమ్స్ యాక్సిలరోమీటరు, ±16 జీ, చిప్‌లోనే ఎఫ్‌ఎఫ్‌టీ, తక్కువ విద్యుత్తు బ్లూటూత్." దీన్ని ఏం చేయాలి?

కంపనం:
రెండో పేజీకి పంపండి, తీసేయకండి. ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు దాని కోసం వెతుకుతాడు. మొదటి పేజీలో ఇలా పెట్టండి: "బేరింగ్ దెబ్బతింటున్న సంగతి మోటారు ఆగకముందే తెలుస్తుంది. మోటారు ఆపకుండానే అంటించవచ్చు, వైరు లాగే పని లేదు." దాని కింద ఒకే ఒక్క గ్రాఫ్, మీ దగ్గర నిజంగా పాడైన బేరింగ్‌ది. కంపనం పెరగడం ఎప్పుడు మొదలైంది, హెచ్చరిక ఎప్పుడు వచ్చింది, బేరింగ్ ఎప్పుడు మార్చారు. పక్కన ఆ బేరింగ్‌ను కోసి రేసు మీద గుంటను తీసిన ఫొటో. ఆ ఫొటో చూస్తే ఫోర్‌మన్ కాగితం పక్కన పడేయడు, ఇంకొకరిని పిలిచి చూపిస్తాడు.

పాతడీలర్:
ఆ ఫోర్‌మన్‌కు నచ్చితే పని అయిపోయిందనుకోకండి. వాడేది అతను, లైను ఆగితే జవాబు చెప్పేది ప్రొడక్షన్ మేనేజరు, సంతకం పెట్టేది పర్చేజ్ విభాగం. ముగ్గురితోనూ మాట్లాడాలి, ముగ్గురికీ చెప్పే మాట వేరు. మేనేజరుతో ఆగిన గంటల లెక్క మాట్లాడండి. పర్చేజ్‌తో ధర, వారంటీ, సరఫరా గడువు. ట్రయల్ కోసం ఊరికే ఇచ్చి రాకండి. ఊరికే వచ్చిన పరికరం డ్రాయరులోకి పోతుంది. తక్కువైనా సరే డబ్బు తీసుకుని, ఏ మోటారు మీద పెట్టాలి, ఎవరు చూడాలి, ఏం కనబడితే మిగతావి కొంటారు అని ముందే రాయించుకోండి.

ఫర్మ్‌వేర్:
దీనితో మాత్రం నేను ఏకీభవించను. కొత్తవాడి పరికరానికి ట్రయల్ డబ్బులు ఎవరిస్తారు? పరిచయమున్న ఒకటి రెండు చోట్ల ఉచితంగా ఇచ్చి, గ్రాఫులూ ఫొటోలూ సంపాదించుకుని, మూడో చోటు నుంచి డబ్బు అడగడమే ఆచరణలో జరిగే పని. మొదటి బ్యాచ్ టంకం గారే అమ్మాలన్న మాట వరకూ మీ వైపుకు వస్తున్నాను. అయితే అదే అలవాటుగా సాగకూడదు. ఒకే రకం ప్రశ్నలు, ఒకే రకం జవాబులు మళ్లీ మళ్లీ వస్తున్నాయంటే అప్పుడు మనిషిని పెట్టుకోవాలి, ఆ జవాబులు కాగితం మీద పెట్టి అతని చేతికివ్వాలి.

టంకం:
మొదటి బ్యాచ్ నేనే తీసుకెళ్తాను. కమీషన్ మనిషి ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. గ్రాఫ్ నా దగ్గర ఉంది, కోసిన బేరింగ్ లేదు. మార్చిన బేరింగ్ పాత సామాను కుప్పలో ఉందేమో రేపే వెళ్లి అడుగుతాను. ఉచిత ట్రయల్ విషయంలో ఫర్మ్‌వేర్ గారిదీ డీలరు గారిదీ రెండు మాటలూ విన్నాను. పరిచయమున్న చోట పరికరానికి డబ్బు తీసుకోను, రాతపూర్వక ఒప్పందం మాత్రం తీసుకుంటాను.

పాతడీలర్:
ఆ కాగితం మీద ప్రొడక్షన్ మేనేజరు సంతకం ఉండేలా చూసుకోండి, ఫోర్‌మన్‌ది ఒక్కటీ సరిపోదు.