ఇషాపూర్ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ని మళ్ళీ మిలటరీ రూపంలోకి తేవాలి

ప్రశ్న (డాలస్ నుంచి): 1942లో బెంగాల్ ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన ఎన్‌ఫీల్డ్ సైనిక రైఫిల్ (నంబర్ 1 మార్క్ 3 మోడల్) కొన్నాను. పాత యజమాని వేట కోసం బారెల్ (గొట్టం) కింద ఉండే ముందు కర్ర కోసేశాడు, దాని కొసన ఉండే లోహపు తొడుగు (నోస్ క్యాప్) లేదు. బారెల్ మాత్రం అసలు పొడవే, 25.2 అంగుళాలు ఉంది. కొత్త కర్ర వేస్తే సరిపోతుందా అన్నా?

జవాబు: బారెల్ మిగిలిందిగా, అదృష్టం! అదీ కోసుంటే వదిలెయ్యమనేవాణ్ణి. ఇషాపూర్ కర్రే వెతుకు తమ్ముడూ, ఆస్ట్రేలియా లిత్‌గో ఫ్యాక్టరీది పెడితే నాకైతే నచ్చదు. కర్ర వెనక చివర రిసీవర్‌కి (బోల్ట్ కదిలే లోహపు భాగం) రెండు పక్కలా సమానంగా ఆనాలి. కాల్చినప్పుడు తన్నేది అక్కడే, ఒకవైపే ఆనితే చీలుతుంది. గరుకు కాగితం జోలికి పోకు, కర్ర మీది ఫ్యాక్టరీ ముద్రలు చెరిగిపోతాయి. పూయడానికి అవిసె నూనె చాలు.

ఇంకొకరు: బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి మూసే కడ్డీ), రిసీవర్ మీది నంబర్లు ఒకటేనా? కాకపోతే ముందు గన్‌స్మిత్‌తో హెడ్‌స్పేస్ (బోల్ట్ ముందు భాగానికీ తూటా ఆగే చోటికీ మధ్య దూరం) కొలిపించండి.

ప్రశ్న అడిగినవారు: ఒకటేనండి, అయినా కొలిపిస్తాను. నోస్ క్యాప్ ధర చూస్తేనే టెన్షన్!