సముద్రపు గాలికి జీడి మొక్కలు గిడసబారుతున్నాయి, ఏం చేయాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి దగ్గర మా తోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరి చెట్లు పోయాక కొన్నాళ్లకు అక్కడే జీడి అంట్లు వేశాం. సరుగుడు వరుస చాటున ఉన్నవి ఏపుగా ఉన్నాయి. సముద్రం వైపువి మాత్రం పొట్టిగా, మొదలు లావుగా, ఆకుల అంచులు మాడిపోయి ఉన్నాయి. నీళ్లు అన్నిటికీ ఒకేలా పెడుతున్నాం.

గాలికి ఊగే మొక్కలో ఇథిలీన్ (మొక్కే తయారుచేసుకునే హార్మోను వాయువు) పెరిగి, ఎదుగుదల పొడవు తగ్గి కాండం మందం కడుతుందని చదివాను. అది మంచికే అనుకుందాం. కానీ గాలి ఆకు మీది తేమ పొరను లాగేస్తే నీరు ఎక్కువ ఆవిరై, పత్రరంధ్రాలు మూసుకుని, ఆహార తయారీ తగ్గుతుంది కదా. మరి ఈ అంచులు మాడడం ఎండబెట్టే గాలి వల్లా, ఉప్పు తుంపర వల్లా? ఎలా తేల్చుకోవాలి? ఆకు నాకి చూస్తే ఉప్పగానే ఉంది, అయితే తీరంలో ఏ ఆకైనా అంతేనేమో!

ఇంకోటి. మా చిన్నాన్న కర్రలు పాతి బిగించి కట్టేయమంటున్నారు. అలా కడితే మొక్క ఊగక కాండం బలం పట్టదేమోనని నా టెన్షన్. వదులుగా కడితే చాలా? సరుగుడు ఇంకో వరుస వేయాలంటే జీడికి ఎంత దూరంలో వేయాలి? ఉద్దానంలో ఇలా చేసినవాళ్లుంటే చెప్పండి.